సికిల్ సెల్: మందు సగం, మనం సగం

(ప్రపంచ ఆదివాసీ దినోత్సవ సభ కోసం, సైనిక్‌పురి: ప్రసంగ పాఠం)

 

నేను గిరిజన బాలికల హాస్టల్ వార్డెన్‌ని. బీఈడీ చదివినదాన్నే గాని డాక్టర్‌ని కాను. అందుకే సికిల్ సెల్‌తో రోజూ ఎలా బతకాలో, పక్కవాళ్లం ఏం చేయాలో నాలుగు మాటలు చెప్తాను.

గుండ్రంగా ఉండాల్సిన ఎర్ర రక్తకణం ఈ జబ్బులో కొడవలిలా వంగి, సన్నటి నాళాల్లో ఇరుక్కుంటుంది. ఎముకల్లో, కీళ్లలో, పొట్టలో భరించలేని నొప్పి వస్తుంది. పైకి గాయం కనిపించదు కాబట్టి కొందరు బద్ధకం అంటారు, కొందరు చేతబడి అంటారు. రెండూ కాదు. ఇది అంటుకోదు కూడా. తల్లి నుంచి ఒక జన్యువు, తండ్రి నుంచి ఒక జన్యువు వస్తేనే జబ్బు. ఒక్కటే ఉన్నవాళ్లు క్యారియర్లు. వాళ్లకు తీవ్రమైన మలేరియా నుంచి కొంత రక్షణ ఉంటుంది. మలేరియా ఉన్న అడవుల్లో బతికిన మనలో ఈ జన్యువు తరతరాలుగా నిలిచింది అందుకే. ఇందులో సిగ్గుపడాల్సింది ఏముంది?

మా హాస్టల్లో ఒక అమ్మాయి చలికాలం వస్తే మంచం పట్టేది. ఇప్పుడు ఆమె గదిలోని పిల్లలే చూసుకుంటారు. నీళ్ల సీసా నిండుగా ఉందా, స్వెటర్ వేసుకుందా, డాక్టర్ రాసిన హైడ్రాక్సీయూరియా వేసుకుందా, సెలవులకు సరిపడా మాత్రలు ఉన్నాయా అని అడుగుతారు. నొప్పి పూర్తిగా పోలేదు. కానీ జ్వరం, ఛాతీ నొప్పి, ఆయాసం, ఒకవైపు చెయ్యి కాలు పడిపోవడం కనిపిస్తే తెల్లారేదాకా ఆగకూడదని వాళ్లందరికీ తెలుసు.

నీలగిరి జిల్లా గూడలూరులో 1990లో మొదలైన అశ్విని సంస్థ ఆదివాసీ అమ్మాయిలకే నర్సులుగా, ఆరోగ్య కార్యకర్తలుగా శిక్షణ ఇచ్చింది. రోగి మాట్లాడే భాషలోనే ధైర్యం చెప్పే మనిషి ఉంటే మందు మధ్యలో ఆగదు. మన గూడేల్లో ఆ మనిషి మీరే కావాలి.

2023 జులై 1న మొదలైన జాతీయ సికిల్ సెల్ మిషన్‌లో 40 ఏళ్ల లోపు 7 కోట్ల మందికి పరీక్ష చేయాలని లక్ష్యం పెట్టుకున్నారు. పరీక్ష చేయించుకున్నాక కార్డు పెట్టెలో దాచకండి. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో సికిల్ సెల్ కూడా ఉంది. జబ్బు ఉన్నవాళ్లు సర్టిఫికెట్‌కు దరఖాస్తు చేసుకోవచ్చు. హైదరాబాద్‌లోనే తలసేమియా అండ్ సికిల్ సెల్ సొసైటీ ఉంది. ఊరి నుంచి వైద్యానికి వచ్చినవాళ్లకు దారి చూపించడం ఇక్కడ చదువుకునే మీ పని.

ఇక పెళ్లి మాట. గోండు పెద్దలు సంబంధం కలిపే ముందు సగ చూస్తారు. నాలుగు, ఐదు, ఆరు, ఏడు దేవతల లెక్క చూశాక సికిల్ సెల్ కార్డు కూడా చూడమనండి. ఇద్దరూ క్యారియర్లయితే ప్రతి కాన్పులోనూ బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం 25 శాతం. అయితే కార్డు అడిగి ఆడపిల్లనే వద్దనడం నేను ఒప్పుకోను. తమ్ముళ్లూ, ముందు మీ కార్డు బయట పెట్టండి.

ఈసారి ఊరికి పోయినప్పుడు మూడు పనులు చేయండి. మీరు పరీక్ష చేయించుకోండి. మీ గూడెంలో ఈ జబ్బుతో ఉన్న ఒక్క ఇంటికైనా వెళ్లి కూర్చోండి. మాత్రలు అయిపోకముందే వాళ్లకు ఫోన్ చేసి గుర్తు చేసే బాధ్యత తీసుకోండి.

జై ఆదివాసీ!