గోరుముద్దల లెక్క



ఈ రజతోత్సవ సభలో నాకు ముందు మాటలాడిన పెద్దలు ప్రబంధములను గూర్చియు, శతకములను గూర్చియు చక్కగ నుపన్యసించిరి. నన్ను భాగవతమును గూర్చి నాలుగు మాటలు చెప్పుమని కార్యదర్శిగారు కోరిరి. నేను పండితుడను గాను. పగలెల్ల ఊరి లెక్కలు వ్రాసి, రాత్రులు ఈ గ్రంథాలయములో నిఘంటువును ప్రక్కన బెట్టుకొని పద్యములను కూడబలుకుకొన్నవాడను. కాబట్టి పండితులు చెప్పదగినదానిని వారికే విడిచి, మన యూరిలో ఇంటింటి యరుగుమీద ఉదయ సాయంకాలములు జరుగు నొక చిన్న యుద్ధమును గూర్చి మనవి చేసెదను. ఏడాది దాటిన పసిబిడ్డకు అన్నము తినిపించుట యనునదే ఆ యుద్ధము. భాగవతము దారిలో ఎట్లును తగులును.

ఇది గ్రంథాలయ సభకు తగిన విషయమా యని కొందరు శంకింపవచ్చును. బిడ్డ తినకపోయినచో ఆ నింద యెవరి నెత్తిన బడుచున్నదో చూచినచో శంక తీరును. అత్తగారు "నీకు పెట్టుట చేతగాదమ్మాయీ" అనును. పేరంటమునకు వచ్చిన పొరుగింటామె బిడ్డ జబ్బ పట్టి చూచి, "ఏమమ్మా, పిల్లవాడిట్లు చిక్కిపోయినాడు?" అనును. ఆ మాట పడలేక మరునాడు తల్లి బిడ్డ ముక్కు మూసి ముద్దను నోట కుక్కును. బిడ్డ కక్కును. తల్లి యేడ్చును. మూడవనాటికి గిన్నె కంటబడగనే బిడ్డ పారిపోవును. తప్పు తల్లిదియు గాదు, బిడ్డదియు గాదు. లెక్క చూచుటలో నున్నది చిక్కు.

బిడ్డ పుట్టినప్పుడు 3 కిలోలు తూగెననుకొందము. అయిదారు నెలలకు ఆ తూకము రెట్టింపగును. ఏడాది నిండునప్పటికి సుమారు మూడురెట్లై 9 కిలోలకు వచ్చును. అనగా మొదటి యేట 6 కిలోలు జమ. రెండవ యేటనో? రెండు, రెండున్నర కిలోలు మాత్రమే. ఇది రోగము గాదు, ప్రకృతి వ్రాసిన పద్దు. ఏటేట మూడు రెట్లు పెరుగవలెనన్నచో మూడవ పుట్టినరోజునాటికి బిడ్డ 81 కిలోల పహిల్వాను కావలసివచ్చును. పెరుగుదల మందగించినప్పుడు ఆకలియు మందగించును. మనమో, నిరుటి చిట్టా చేతబట్టి ఈ యేటి వసూలు నడుగుచున్నాము.

దానికి తోడు ఆ వయసున బిడ్డకు నడక వచ్చును. కోడిపుంజు, గేదెదూడ, తలుపు గొళ్లెము, తాతగారి చేతికఱ్ఱ, ఇన్ని వింతలు పిలుచుచుండగా ముద్దపప్పు ఏపాటి? ఒకపూట నాలుగు ముద్దలు తినును, మరియొకపూట నొక్కటియు ముట్టడు. పూటకు పూట లెక్క చూచినచో దివాలా. వారమునకొకసారి కూడి చూచినచో తరచుగ సరిపోవును. దినచిట్టా చూచి బెదరువారికి ఆవర్జా చూడుమని నా వృత్తిధర్మమునుబట్టి చెప్పుచున్నాను.

అన్నము ఎప్పుడు మొదలుపెట్టవలెనను విషయమున మన పూర్వులు ఊరకుండలేదు. ఆశ్వలాయన గృహ్యసూత్రము అన్నప్రాశనమును ఆరవ మాసమున జేయుమన్నది. సుశ్రుతుడును ఆరవ నెలలోనే తేలికయు హితమునైన అన్నమును పెట్టుమనెను. కాశ్యప సంహిత ఇంకను మెల్లగ నడచి, ఆరవ నెలలో ఫలమును, దంతములు వచ్చిన తరువాత పదవ నెలలో ధాన్యమును విధించినది. నేటి వైద్యులు ఆరు నెలలు నిండువరకు తల్లిపాలు మాత్రమే చాలుననియు, అటుపిమ్మట మెత్తని యాహారము ఆరంభించి, తల్లిపాలను రెండేండ్లవరకును ఆపైనను కొనసాగింపవచ్చుననియు చెప్పుచున్నారు. ధాన్యమునకై పదవ నెలదాక నాగుట వారికి సమ్మతము గాదు. ఆరు నెలల తరువాత తల్లిపాలలోని యినుము బిడ్డకు చాలదు. అట్లే ఏడాది నిండని బిడ్డకు తేనె నాకింపరాదు. తేనెలో నొక్కొకప్పుడుండు సూక్ష్మజీవి పసిప్రేగులలో విషమును పుట్టించును. ప్రాచీన గ్రంథములయందు నాకు గల భక్తి మీకు తెలియును. అయినను ఈ రెండు చోట్ల డాక్టరు మాటయే వినవలెను.

మరియొక సంగతి. తొమ్మిది పది నెలలకే పలుకు పలుకుగ మెదిపిన అన్నమును, చేతబట్టి కొరుకుకొను ఉడికిన చిలగడదుంపను, మాగిన అరటిముక్కను అలవాటు చేయవలెను. మిక్సీలో రుబ్బిన దానినే ఏడాది దాటువరకు నాకించిన బిడ్డకు పిమ్మట చిన్న పలుకు తగిలినను వెగటు పుట్టును. నమలుటయు నడకవంటిదే, నేర్చుకొనవలసిన విద్య.

ఇక క్రొత్త కూరను చూచి బిడ్డ మొగము త్రిప్పుకొనుట. దీనిని పొగరనుట అన్యాయము. నడక వచ్చిన బిడ్డ కంటబడిన యాకును కాయను నెల్ల నోట బెట్టుకొన్నచో ఏనాడో విషము తినును గదా! అందుచేత ఆ వయసున క్రొత్తదానిపై అనుమానమును ప్రకృతియే యుంచినదని శాస్త్రజ్ఞులు తలచుచున్నారు. ఒక పదార్థమును 8, 10 పర్యాయములు, ఒక్కొకచో 15 పర్యాయములు చూపినగాని బిడ్డ దానిని స్వీకరింపకపోవచ్చును. మన యిండ్లలో మూడవసారికే "వీనికి ఆనపకాయ పడదు" అని తీర్పు చెప్పి కట్టివేయుదుము.

మా మనుమరాలికి పదునాలుగవ నెలలో ఈ ఆనపకాయ విషయముననే నేనొక పద్దు వ్రాసితిని. పాత లెక్కల పుస్తకపు చివరి పుటలో తేదీలతో నున్నది. మొదటిసారి ఉమిసినది. రెండవసారి గిన్నెను త్రోసినది. మూడు నాలుగు సార్లు అటువైపు చూడనే లేదు. అయిదవసారి వ్రేలితో నొక్కి చూచి, ఆ వ్రేలిని నా ధోవతికి తుడిచినది. ఏడవసారి నాకి మొగము చిట్లించినది. తొమ్మిదవసారి ముక్కను నోట బెట్టుకొని, మరల చేతిలోనికి దీసి పరీక్షించి, మరల నోట బెట్టుకొన్నది. పన్నెండవసారి, ఎవ్వరును పిలువకయే, నా కంచములోని ముక్కను తీసికొని తిన్నది. ప్రతిసారియు ఆమె కంచమున పెట్టినవి రెండే ముక్కలు. వానిని ముట్టనిచో తినుటకు ప్రక్కన పెరుగన్నము ఉండెడిది. "తిను" అని ఎవ్వరు ననరాదని నియమము. ఆ నియమమును పాటించుట బిడ్డకన్న ఇంటి పెద్దలకు కష్టమైనది.

ఆమె నా కంచములోనిదే యేల తినవలెను? ఇచ్చట నాకు పోతన్నగారు జ్ఞప్తికి వచ్చుచున్నారు. దశమ స్కంధములో కృష్ణుడు గోపబాలురతో గూడి చల్దులారగించిన ఘట్టము మీరెరిగినదే. పిల్లలందరు చుట్టుగ గూర్చుండి, మూటలు విప్పి, నవ్వుచు నవ్వించుచు నారగించిరి. తినుమని బ్రతిమాలు పెద్దవారొక్కరును అచ్చట లేరు. ఇంట ముద్ద ముట్టని బిడ్డ పొరుగింటి పిల్లల నడుమ గూర్చుండబెట్టినచో తినుట మీరందరు చూచినదే. బిడ్డ నొక్కనినే అరుగుమీద గూర్చుండబెట్టి నలుగురు చుట్టుముట్టుటకంటె, ఇంటివారి పంక్తిలోనే చిన్న కంచమొకటి వేయుట మేలు. మీద బోసికొనును, క్రింద చల్లుకొనును; చాప తుడుచుకొందము.

దశమ స్కంధమునందే మన్ను తిన్న ఘట్టమును గలదు. యశోదకు కొడుకు నోట బ్రహ్మాండము గనబడెను. మన బిడ్డ మన్ను తినుచున్నచో అచ్చట గనబడునది తరచుగ రక్తహీనత. అట్టి బిడ్డను వెంటనే డాక్టరునకు చూపవలెను.

పసిబిడ్డకు తన యాకలి తనకు తెలియునా యని అడుగువారికి అమెరికా దేశపు వృత్తాంతము నొకటి చెప్పెదను. క్లారా డేవిస్ అను వైద్యురాలు అప్పుడే పాలు మాన్పించిన పిల్లలకు తమ యాహారమును తామే యెన్నుకొను నవకాశ మిచ్చి చూచినది. 1928లో తొలి ఫలితములను, 1939లో 15 మంది పిల్లల వివరములను ప్రకటించినది. ధాన్యములు, కూరలు, పండ్లు, మాంసము, గ్రుడ్లు, పాలు మొదలగునవి మొత్తము 34 పదార్థములు. పూటపూటకు వానిలో కొన్నిటిని వేఱువేఱు గిన్నెలలో పళ్లెమునందుంచిరి. బిడ్డ చేయి చాచువరకు దాది చెంచా ఎత్తరాదు; తినుమనరాదు, వలదనరాదు. పిల్లలు పెద్దలకు వింతగొలుపు మేళవింపులతో తినిరి. అయినను ఆరోగ్యముగ పెరిగిరి. ఎముకలు మెత్తబడు వ్యాధితో వచ్చిన యొక బిడ్డ, పళ్లెములో నుంచిన చేపనూనెను తనంతట తానే త్రాగుచు వచ్చి, నయమైన పిమ్మట మానివేసెను. పసిపిల్లలను నెలల తరబడి యట్లు పరీక్షలో నుంచుట నేడెవ్వరును ఒప్పరు; ఒప్పకుండుటయే న్యాయము.

ఆ వృత్తాంతమును సగము చదివినవారు "పిల్లలు కోరినదెల్ల పెట్టవచ్చును" అందురు. మిగిలిన సగమును చదువవలెను. ఆ పళ్లెములో చక్కెర లేదు, మిఠాయి లేదు, బిస్కట్టు లేదు. ఏమి పెట్టవలెనో పెద్దలు నిర్ణయించిరి. ఎంత తినవలెనో బిడ్డలు నిర్ణయించిరి. నేను చెప్పవచ్చిన దంతయు నిదియే. ఏమి, ఎప్పుడు, ఎక్కడ ననునవి పెద్దల పద్దు. ఎంత, అసలు తినుటయా మానుటయా యనునవి బిడ్డ పద్దు. ఒకరి పద్దులో నొకరు చేయి పెట్టినచో లెక్క చెడును.

పెద్దల పద్దులో పని తక్కువేమియు గాదు. ఏడాది దాటిన బిడ్డకు దినమునకు మూడు నాలుగు పూటలు, నడుమ ఒకటి రెండు చిరుతిండ్లు. పూటకు పూటకు రెండు మూడు గంటల యెడము. 250 మిల్లీలీటర్ల గిన్నెలో ముప్పాతిక మొదలు నిండుగిన్నె వరకు ఒక పూటకు పరిమాణమని వైద్యుల యంచనా. కడుపు చిన్నది గనుక పలుచని చారుతో నింపక, మెత్తని అన్నములో పప్పు, నెయ్యి, ఆకుకూర, గ్రుడ్డు తినువారింట గ్రుడ్డు కలుపవలెను. అన్నము తినలేదని సీసాతో గేదెపాలు పట్టుచు పోయినచో ఆకలి యెక్కడనుండి వచ్చును? ఏడాది దాటిన బిడ్డకు పాలు దినమునకు అర లీటరు మించరాదు. ఏడ్పు మాన్పుటకు అంగడి ప్యాకెట్టు విప్పుట సీసాకన్న చెడ్డది.

చందమామను చూపి గోరుముద్దలు పెట్టుటను నేను నిందింపను. అమ్మ మాట, అమ్మ చేయి, ముద్ద రుచి మూడును అప్పుడు బిడ్డకు తెలియుచునే యుండును. సెల్‌ఫోనులో బొమ్మ లాడుచుండగా బిడ్డ నోరు తెరచునుగాని తాను తినుచున్నట్లెరుగడు. కడుపు నిండినదను మాట వానికి వినబడదు. బూచివానిని పిలుచుట యంతకన్న తప్పు. భయపడిన నోట రుచి యుండదు.

వేరుసెనగ గింజలు, పచ్చికొబ్బరి ముక్కలు, చీల్చని ద్రాక్షపండ్లు చిన్నపిల్లల గొంతున అడ్డుపడి ప్రాణము మీదికి తెచ్చును. గింజలను పొడిచేసి, ద్రాక్షను నిలువుగ చీల్చి పెట్టుడు. బిడ్డ కూర్చుండియే తినవలెను. పరుగెత్తు బిడ్డ వెంట గిన్నెతో పరుగెత్తరాదు.

తినని బిడ్డ వేఱు, పెట్టుటకు లేని యిల్లు వేఱు. రెండవదానికి ఓర్పు మందు గాదు. 1975లో ఆరంభమైన శిశు అభివృద్ధి పథకము క్రింద మన యూర నడచుచున్న అంగన్‌వాడీ అందుకొరకే యున్నది. అచ్చట నిచ్చు బాలామృతము ఆ బిడ్డ పాలు. ఇంటిల్లిపాదియు పంచుకొనుటకు గాదు. తూకపు కార్డులో గీత క్రిందికి జారినను, వరుసగ రెండు మూడు నెలలు కదలకున్నను, ముద్ద మ్రింగునప్పుడు పొలమారుచున్నను, కనురెప్పల లోపల పాలిపోయినను, బిడ్డ మందముగ నున్నను, నేను చెప్పిన ఓర్పును ప్రక్కన బెట్టి డాక్టరును చూడుడు.

తూచునప్పుడొక మనవి. కిందటి నెల శాలువతోను, ఈ నెల శాలువ లేకయు తూచి, బిడ్డ తగ్గినాడని యేడ్చిన తల్లిని నేనెరుగుదును. చెప్పులు, శాలువ, మొలనూలి గంటలు అన్నియు దీసి, ప్రతి నెలయు నొకే తక్కెడపై తూచుడు. కార్డును ఇంట దూలమునకు దోపక వెంట దెచ్చుడు.