పేగుకి బైపాస్: స్టెప్పులతో సహా

(పూర్వ విద్యార్థుల వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

ముందు వరసలో సైన్సు మాస్టారు, హిందీ టీచరు గారు కూర్చున్నారు. మీ ఎదురుగా మైకు పట్టుకుని నిలబడితే నాకు ఇప్పటికీ చేతులు చల్లబడతాయి. ఆపరేషన్ థియేటర్లో రాని వణుకు ఇక్కడ వస్తుంది.

మన సెక్రటరీ ఫోన్ చేసి, "ఆరోగ్యం మీద ఒక ఇరవై నిమిషాలు మాట్లాడరా, బీపీ, షుగరు చాలు" అన్నాడు. బీపీ, షుగరు సంగతి మీకు నాకంటే వాట్సాప్ ఎక్కువ చెబుతోంది. నేను ముప్పై ఏళ్లుగా చేస్తున్నవి పొట్ట ఆపరేషన్లు. అందులో ఒక్కటి తీసుకుంటాను, పేగుకి చేసే బైపాస్. ఇదే ఎందుకంటే, మన లెక్కల మాస్టారికి నేను చేసినది ఇదే. ఆయన పోయి రెండేళ్లయింది. వాళ్లబ్బాయిని అడిగాకే చెబుతున్నాను. "చెప్పు అన్నయ్యా, నాన్న ఉంటే తనే చెప్పించేవాడు" అన్నాడు.

బైపాస్ అనగానే అందరి చెయ్యీ గుండె మీదికి పోతుంది. గుండెకి చేసేది వేరు. ఇది పేగుకి. మన ఊరి బైపాస్ రోడ్డు గుర్తు తెచ్చుకోండి. ఊరి మధ్యలో గడియారస్తంభం దగ్గర లారీలు ఇరుక్కుపోతున్నాయని ఊరి బయటినుంచి కొత్త రోడ్డు వేశారు. లారీలు అటు పోతున్నాయి. గడియారస్తంభం మాత్రం అక్కడే ఉంది, ఇరుకూ అక్కడే ఉంది. పేగు బైపాస్ కూడా అంతే. అడ్డం ఉన్నచోటు జోలికి పోకుండా, దానికి ముందున్న పేగునీ తర్వాత ఉన్న పేగునీ పక్కపక్కన పెట్టి కలిపి కుట్టేస్తాం. తిన్నది కొత్త దారిన పోతుంది. జబ్బు ఉన్న ముక్క లోపలే ఉండిపోతుంది. ఈ ఆఖరి మాట గుర్తుంచుకోండి, తర్వాత అవసరం పడుతుంది.

చిన్న పేగు పొడవు సుమారు ఆరు మీటర్లు. పెద్ద పేగు మీటరున్నర. రోజుకి ఏడెనిమిది లీటర్ల రసాలు ఇందులోకి ఊరుతాయి, దాదాపు అంతా మళ్లీ ఒంట్లోకి పోతుంది. అడ్డం పడితే ఆ నీరంతా పైన నిలబడిపోతుంది. పొట్ట ఉబ్బుతుంది. నొప్పి అలలు అలలుగా వస్తుంది, మెలిపెట్టి వదులుతుంది. పసరు వాంతులు. విరేచనం ఉండదు, గాలి కూడా పోదు. ఈ నాలుగూ కలిసి వస్తే రాత్రి రెండయినా సరే ఆసుపత్రికి రావాలి. మన ఇళ్లలో జరిగేదేమిటంటే, గాలి పోవడం లేదని ఆముదం పట్టిస్తారు. మూసుకున్న పైపులోకి మోటారు వేసినట్టు. పేగు చిల్లు పడి వచ్చినవాళ్లని నేను చూశాను. దయచేసి ఆముదం వద్దు, విరేచనాల మాత్రా వద్దు.

అడ్డం ఎందుకు పడుతుంది? పాత ఆపరేషన్ల అతుకులు, హెర్నియా, గడ్డలు. మన దేశంలో ఇంకొకటి, పేగు క్షయ. టీబీ అంటే ఊపిరితిత్తులకే అనుకుంటాం. చిన్న పేగు పెద్ద పేగులో కలిసే చోటంటే దానికి చాలా ఇష్టం. ఎక్కువమందికి మందులతోనే తగ్గుతుంది, మానిన చోట పేగు ముడుచుకుపోతే కత్తి పట్టాలి. ఒకప్పుడు ఈ పేగు క్షయకి బైపాస్‌లు బాగా చేసేవాళ్లు. ఇప్పుడు వీలైనంతవరకు చెయ్యం. కారణం మళ్లీ ఆ పాత రోడ్డే. లారీలు రాని సందులో చెత్త పేరుకున్నట్టు, వాడకం లేని పేగులో సూక్ష్మక్రిములు పెరిగిపోతాయి. అవి బి12 విటమిన్ని తినేస్తాయి, మనిషికి విరేచనాలు, రక్తహీనత వస్తాయి. అందుకని తీసెయ్యగలిగితే తీసెయ్యడమే మంచిది. తీయడం కుదరనప్పుడే బైపాస్.

బరువు తగ్గడానికి చేసే బైపాస్ సంగతి అడుగుదామని వెనక వరసలో కొందరు చూస్తున్నారు, నాకు కనిపిస్తోంది. అది వేరే కథ. 1954లో అమెరికాలో మొదలుపెట్టారు. తర్వాతి ఏళ్లలో ఓ పద్ధతి బాగా నడిచింది. సుమారు 18 అంగుళాల చిన్న పేగు మాత్రం వాడకంలో ఉంచి మిగతాదంతా పక్కన పెట్టేవాళ్లు. బరువు తగ్గారు. దాంతోపాటు కాలేయం చెడిపోయింది, మూత్రపిండాల్లో రాళ్లు వచ్చాయి. చాలామందికి మళ్లీ పొట్ట తెరిచి విప్పాల్సి వచ్చింది, ఆ ఆపరేషన్ మూలపడింది. ఇప్పుడు చేస్తున్నది పొట్టసంచిని చిన్నది చేసి పేగుకి కలిపేది, అది చాలా మెరుగు. చేయించుకున్నాక జీవితాంతం విటమిన్లు, పరీక్షలు తప్పవు. వివరాలు కావాలంటే విడిగా అడగండి.

ఇక మాస్టారి దగ్గరికి వస్తాను. ఆయన వచ్చేసరికి మూడు రోజులుగా వాంతులు. స్కానింగులో కుడివైపు పెద్ద పేగులో గడ్డ, వెనక కండరానికి అతుక్కుపోయి ఉంది. కాలేయంలో కూడా మచ్చలు. రక్తం ఏడు గ్రాములు. అంటే ఏమిటో నాకు చూడగానే అర్థమైంది. వాళ్లబ్బాయి నన్ను వరండాలోకి తీసుకెళ్లి, "నాన్నకి చెప్పొద్దు అన్నయ్యా, తట్టుకోలేడు" అన్నాడు. సరే అన్నాను. లోపలికి వెళ్లగానే ఆయన, "ఏరా, ఇద్దరూ బయట గుసగుసలాడారు. చివర జవాబు చెప్పి తప్పించుకోకు. స్టెప్పులు చెప్పు" అన్నారు. మన అందరి నోట్సుల్లో ఎర్రసిరాతో రాసిన మాటే అది. జవాబు కరెక్టయినా స్టెప్పు లేకపోతే సగం మార్కులే. నేను వాళ్లబ్బాయి వైపు చూశాను. అతను కళ్లు దించుకున్నాడు. మంచం పక్కన కూర్చుని మొత్తం చెప్పాను. గడ్డ తీయలేనని, పక్కనుంచి దారి మాత్రం వేస్తానని, దానితో వాంతులు ఆగి తిండి తినగలరని, జబ్బు మాత్రం పోదని. ఆయన కాసేపు కిటికీలోంచి చూసి, "మజ్జిగన్నం తినొచ్చా?" అని అడిగారు. తినొచ్చన్నాను. "అయితే వెయ్యి" అన్నారు.

ఆ స్టెప్పులే మీకూ చెబుతాను.

మొదటిది ఆపరేషన్ కాదు, తయారీ. ముక్కులోంచి పొట్టలోకి ఒక గొట్టం వేస్తారు. మనుషులు ఆపరేషన్ కంటే దానికే ఎక్కువ భయపడతారు, కానీ నిలవ ఉన్న పసరు బయటికి రాగానే ప్రాణం తేలికపడుతుంది. సెలైన్ పెట్టి పోయిన నీటినీ ఉప్పునీ పూడుస్తారు. పొటాషియం తక్కువుంటే సరిచేస్తారు, లేకపోతే ఆపరేషన్ అయ్యాక పేగు కదలదు. మాస్టారికి రక్తం ఎక్కించాం. అడ్డం పూర్తిగా లేనివాళ్లయితే ఆరు గంటల ముందువరకు తిండి, రెండు గంటల ముందువరకు మంచినీళ్లు తీసుకోవచ్చు. అడ్డం ఉన్నవాళ్లకి నోటితో ఏదీ లేదు. మీరు వాడే మందులన్నీ చీటీతో సహా చూపించండి, ముఖ్యంగా రక్తం పలచబడే బిళ్లలు. వాటిని మీరుగా ఆపొద్దు, చెప్పకుండా మింగనూ వద్దు. ఆపరేషన్ తేదీ ముందే తెలిస్తే చుట్ట, సిగరెట్టు ఆ రోజునుంచే మానెయ్యండి, మత్తు డాక్టరు మీకు రుణపడి ఉంటాడు. మూడు బంతులున్న ప్లాస్టిక్ పరికరం ఇచ్చి గాలి పీల్చి బంతులు లేపమంటారు. అది చిన్నపిల్లల ఆట కాదు. తర్వాత న్యుమోనియా రాకుండా కాపాడేది అదే.

రెండో స్టెప్పు మీకు తెలియదు, మత్తులో ఉంటారు. మాస్టారికి చిన్న పేగు చివరి భాగాన్ని తీసుకెళ్లి పొట్టలో అడ్డంగా ఉండే పెద్ద పేగుకి కలిపాను. కలిపే ద్వారం ఐదారు సెంటీమీటర్లు. చేత్తో కుట్టవచ్చు, స్టేప్లర్‌తోనూ చెయ్యవచ్చు. కొందరికి చిన్న రంధ్రాలతో కూడా చేస్తారు. ఆయనకి పొట్ట బాగా ఉబ్బి ఉంది కాబట్టి తెరిచే చేశాను. రెండు గంటలు పట్టింది.

మూడోదే అసలు పరీక్ష. కుట్టు అతుక్కోవాలి. తొలి వారం పది రోజుల్లో ఎక్కడైనా ఊడితే లోపలిది పొట్టలోకి కారుతుంది. జ్వరం, నాడి వేగం, తగ్గాల్సిన నొప్పి పెరగడం, ఇవి వస్తే మేం పరుగెత్తుకొస్తాం. కాళ్లలో రక్తం గడ్డకట్టకుండా ఇంజెక్షన్, మర్నాడే లేచి నడక. "పొట్ట కోసిన మనిషిని నడిపిస్తారా" అని మాస్టారి భార్య నన్ను కోప్పడ్డారు. వెనకటికి వారం పడుకోబెట్టేవాళ్లం నిజమే. డెన్మార్క్‌లో కెలెట్ అనే సర్జన్ 1990ల్లో ఈ పాత అలవాట్లని ఒక్కొక్కటిగా ప్రశ్నించి, త్వరగా నడిపిస్తే, త్వరగా తినిపిస్తే మనిషి త్వరగా కోలుకుంటాడని చూపించాడు. చిన్న పేగు ఒక రోజులో కదలడం మొదలుపెడుతుంది, పెద్ద పేగుకి రెండు మూడు రోజులు పడుతుంది. అందుకే రోజూ రౌండ్లలో మేం అడిగే మొదటి ప్రశ్న "గాలి పోయిందా?" అని. మూడో రోజు పొద్దున్న నేను నోరు తెరవకముందే మాస్టారు, "పోయిందిరా, పది మార్కులు వేసుకో" అన్నారు. పక్క మంచం వాళ్లు కూడా నవ్వారు. మంచం దగ్గర వేలాడే కాగితంలో లోపలికి ఎంత పోయింది, బయటికి ఎంత వచ్చింది అని కూడికలుంటాయి. ఆయన వాటిని రోజూ సరిచూసేవారు. ఒకరోజు వంద మిల్లీలీటర్ల తేడా పట్టుకున్నారు, ఆయనదే కరెక్టు.

ఇంటికి వెళ్లాక పథ్యం గొడవ. పప్పు తింటే చీము పడుతుందని మన దగ్గర గట్టి నమ్మకం. పడదు. గాయం మానడానికి మాంసకృత్తులు కావాలి. మెత్తగా ఉడికించిన పప్పు, పెరుగు, గుడ్డు, తినేవాళ్లకి చేప. ఒకేసారి కంచం నిండా కాదు, కొంచెం కొంచెం ఐదారు సార్లు, బాగా నమిలి. పీచు చుట్టుకుపోయేవి, అంటే బత్తాయి తొనల పిప్పి, ములక్కాడ పిప్పి, తేగలు, కొన్నాళ్లు పక్కన పెట్టాలి. ఆరు వారాలు బిందె ఎత్తకూడదు, గ్యాస్ బండ జరపకూడదు. మొదట్లో విరేచనాలు పలచగా అవుతాయి. చిన్న పేగు చివర పీల్చుకోవాల్సిన పిత్తలవణాలు పెద్ద పేగులోకి పోవడం దానికి ఒక కారణం, మందుంది. బి12 కూడా ఆ చివరే పీల్చుకుంటుంది కాబట్టి ఎక్కువ కాలం బతికేవాళ్లకి పరీక్షలు, అవసరమైతే ఇంజెక్షన్లు. మళ్లీ వాంతులు, పొట్ట ఉబ్బు వస్తే వెంటనే రావాలి.

మాస్టారు పదకొండు నెలలు ఉన్నారు. మజ్జిగన్నం, మాగాయ తిన్నారు. మనవడి చేత పదో తరగతి లెక్కలు చేయించారు. ఆఖరి ఆరు వారాలు తప్ప నొప్పి పెద్దగా లేదు. గడ్డ అక్కడే ఉందని ఆయనకి తెలుసు, ఇంట్లో అందరికీ తెలుసు, అందుకని దాపరికం లేకుండా గడిచిందని వాళ్లబ్బాయి నాతో అన్నాడు.

ఇంకొకటి చెప్పకుండా దిగిపోతే సగం మార్కులే. ఆపరేషన్‌కి ముందు సంవత్సరం ఇదే సమావేశంలో, ఇదే చెట్టు కింద, కాఫీ గ్లాసు పట్టుకుని మాస్టారు నాతో, "మెట్లెక్కితే ఆయాసం వస్తోందిరా, నీరసంగా ఉంటోంది" అన్నారు. ఫోటోకి పిలుస్తున్నారు. "రక్తం తక్కువై ఉంటుంది మాస్టారూ, ఐరన్ బిళ్లలు వేసుకోండి" అని చెప్పి వెళ్లిపోయాను. కుడివైపు పెద్ద పేగులో గడ్డ ఏళ్లతరబడి కొంచెం కొంచెంగా రక్తం కారుస్తుందని, వయసు మళ్లిన మగవాడికి రక్తం తక్కువైతే ఎటు పోతోందో వెతకాలని నేను విద్యార్థులకి పాఠం చెబుతాను. ఆయనకి చెప్పలేదు. అప్పుడే కొలనోస్కోపీ చేసి ఉంటే తీసెయ్యగలిగేవాడినేమో. ఈ మాట ఆయనతో అన్నాను కూడా. "స్టెప్పు వదిలేశావు" అన్నారు, అంతే. తిట్టలేదు.

అందుకని ఈసారి చెట్టు కింద నిలబడి ఎవరికీ ఏమీ చెప్పను. భోజనాలయ్యాక పదో తరగతి ఎ సెక్షన్ గదిలో కూర్చుంటాను, సాయంత్రం ఐదువరకు. నీరసం, ఆయాసం, రక్తం తక్కువ, మలంలో నలుపు, కారణం లేకుండా బరువు తగ్గడం, వీటిలో ఏది ఉన్నా రండి. పాత రిపోర్టులుంటే ఫోన్లో అయినా చూపించండి. గురువుల్ని ముందు పంపించండి.