పరీక్షకులను పరీక్షించువారెవరు?
(ఒక పఠనమందిరమున గావింపబడిన ఉపన్యాసము)



బడిపిల్లల బస్సును, పెట్రోలు ట్యాంకరును, 80,000 పౌనుల బరువుతో పరుగిడు లారీని నడుపుటకు ఒకనికి అర్హత కలదని ప్రభుత్వము చెప్పుచున్నది. ఆ మాటను నమ్మియే మనము నిశ్చింతగా త్రోవ నడచుచున్నాము. ఆ మాటను ప్రభుత్వము తాను చెప్పక ఇతరులచేత చెప్పించినచో దానిని నమ్ముటెట్లు? అమెరికా సంయుక్తరాష్ట్రములు ఈ ప్రశ్నకు చెప్పిన సమాధానమును నేడు మీకు నివేదింప దలచితిని. దానితో మనకును సంబంధము కలదు.

1986 వరకు ఆ దేశమున పెక్కు రాష్ట్రములలో చిన్నకారు లైసెన్సు గలవాడు పెద్ద లారీని సైతము నడుపవచ్చును. ఒకచోట లైసెన్సు పోగొట్టుకొన్నవాడు పొరుగు రాష్ట్రమున వేరొకటి సంపాదించుకొనుచుండెను. ఆ యేట కాంగ్రెసు వాణిజ్య వాహన భద్రతా చట్టమును గావించెను. 1992 ఏప్రిలు 1 నుండి ప్రత్యేక లైసెన్సు తప్పనిసరి యయ్యెను. ప్రమాణములను కేంద్రము నిర్ణయించును. పరీక్షించి లైసెన్సు నిచ్చుట రాష్ట్రముల పని. అభ్యర్థి బయలుదేరుటకు ముందు వాహనమును తనిఖీ చేసి చూపవలెను. ఆవరణలో ముందునకు వెనుకకు నడిపి అదుపును చూపవలెను. పిమ్మట రహదారిపై నడుపవలెను.

ఇట్టి పరీక్షకు విశాలమైన స్థలము, తగిన వాహనము, నేర్పరులైన పరీక్షకులు, చాలినంత కాలము కావలెను. ప్రభుత్వోద్యోగులు అందరికిని చాలకపోవచ్చును. కావున లారీ కంపెనీలకు, శిక్షణ పాఠశాలలకు, స్థానిక సంస్థలకు ఈ పనిని అప్పగించుటకు రాష్ట్రములకు అనుమతి గలదు. ఇందు దోషము లేదు. పనిని అప్పగింపవచ్చును గాని బాధ్యతను అప్పగింపరాదు. ఈ భేదమును గుర్తించియే అచ్చటి నిబంధనలు ఏర్పడినవి.

ఆ నిబంధనలను చిత్తగింపుడు. ప్రభుత్వ పరీక్షకుడు పెట్టు పరీక్షయు బయటి పరీక్షకుడు పెట్టు పరీక్షయు ఒక్కటిగనే యుండవలెను. రాష్ట్రము కనీసము రెండేండ్ల కొకసారి ఆ సంస్థకు వెళ్లి తనిఖీ చేయవలెను. అంతియే కాక, ఉద్యోగిని అభ్యర్థివేషమున రహస్యముగా పంపుటయో, పరీక్షకుని ప్రక్కన కూర్చుండి వేరుగా మార్కులు వేయుటయో, ఉత్తీర్ణులలో కొందరిని మరల పరీక్షించి ఫలితములను పోల్చుటయో జరుపవలెను. ఏ దినమున ఎవరిని పరీక్షింతురో రెండు పనిదినములు ముందుగా తెలుపవలెను. లేనిచో అధికారి ఆకస్మికముగా వచ్చి చూచుటకు వీలు చిక్కదు. ప్రైవేటు సంస్థ పూచీ బాండు నుంచవలెను. మోసము బయటపడినచో డ్రైవర్లను మరల పరీక్షించు వ్యయము ఆ పూచీనుండి వచ్చును గాని ప్రజల పన్నులనుండి రాదు.

అన్నింటికంటె ముఖ్యమైనది వేరొకటి కలదు. తాను శిక్షణ యిచ్చిన వానిని తానే పరీక్షింపరాదు. కాకిపిల్ల కాకికి ముద్దు. అందును ఆ పిల్ల రుసుము చెల్లించిన పిల్లయైనచో ముద్దు మరింత హెచ్చును! ఈ నిషేధమును తొలగింపవలెనని 2019లో అచ్చటి కేంద్రశాఖయే ప్రతిపాదించెను. 2021లో ఆ ప్రతిపాదనను ఉపసంహరించుకొనెను.

ప్రైవేటువారిని తొలగించి సర్వమును సర్కారు చేతిలో నుంచినచో చాలునని కొందరందురు. ఇల్లినాయి రాష్ట్రపు చరిత్రను వారు చదువవలెను. 1994 నవంబరు 8వ తేదీన మిల్వాకీ నగర సమీపమున లారీనుండి ఊడిపడిన ఒక భాగము వెనుక వచ్చుచున్న వాహనమునకు తగిలి, మంటలు చెలరేగి, ఒకే కుటుంబమునకు చెందిన ఆరుగురు బిడ్డలు మరణించిరి. ఆ డ్రైవరు లైసెన్సు లంచముతో లభించినదని పిమ్మట తేలెను. లంచము తీసికొన్నవారు ప్రభుత్వోద్యోగులే. ఆ కాలమున ఆ శాఖకు అధిపతియై, పిమ్మట గవర్నరైన జార్జి ర్యాన్ 2006లో అవినీతి నేరములకు దోషిగా నిర్ణయింపబడెను. కంచెయే చేను మేయగలదు. కనుక పరీక్షకుడు సర్కారువాడైనను ప్రైవేటువాడైనను అతనిపై వేరొక కన్ను ఉండవలెను.

ఇక మన సంగతి. 2021 జులై 1 నుండి అమలునకు వచ్చిన కేంద్ర నియమముల ప్రకారము, గుర్తింపు పొందిన శిక్షణకేంద్రమున నేర్చి అచ్చటి పరీక్షలో నెగ్గినవానికి రవాణా కార్యాలయమున నడుపు పరీక్షనుండి మినహాయింపు గలదు. లైసెన్సు నిచ్చునది రవాణాశాఖయే. కాని అర్హతాపత్రము నిచ్చునది శిక్షణ గరపిన కేంద్రమే. అమెరికాలో వేరుచేయబడిన రెండు చేతులు ఇచ్చట ఒకటియైనవి. క్రమమైన శిక్షణ హర్షింపదగినదే. బ్రోకరుచేత రుసుము కట్టించి, మైదానమున ఒక చుట్టు తిరిగి లైసెన్సు పొందుటకంటె అది వేయిరెట్లు మేలు. అయినను గురువే న్యాయాధిపతి యగుచోట మూడవ కన్ను మరింత అవసరము.

కావున మనము కోరవలసినది స్పష్టము. నేర్పువాడు వేరు, పరీక్షించువాడు వేరు కావలెను. ఉత్తీర్ణులలో కొందరిని ప్రభుత్వము తిరిగి పరీక్షింపవలెను. ఏ కేంద్రమున ఎందరు పరీక్షకు వచ్చిరో, ఎందరు తప్పిరో ఏటేట ప్రకటింపవలెను. ఎవ్వరును తప్పని పరీక్ష పరీక్షయే కాదు. పురసంఘములును, పఠనమందిరములును ఈ కోరికను తీర్మానరూపమున ప్రభుత్వమునకు పంపవలెనని ప్రార్థించుచున్నాను. త్రోవ ప్రక్కన నడచు బిడ్డకు లైసెన్సుపై ముద్ర ఎవరు వేసిరో తెలియదు. ఆ ముద్ర సత్యమగునట్లు చూచుట పెద్దలమైన మన విధి.