ఖాకీ కొలువుకు ఏ డిగ్రీ?

ఆవిరి ఇంజన్ల కాలంలో బిట్రగుంట అంటే లోకో షెడ్డు. షెడ్డు మూతపడినా ఊరికి రైల్వే కొలువు మీద మమకారం పోలేదు. ఇప్పుడు ఇంటర్ పాసైన పిల్లల్లో కొందరి చూపు ఖాకీ కొలువు ఆశతో క్రిమినాలజీ (నేరశాస్త్రం) మీద పడుతోంది. పేరు గంభీరంగానే ఉంది, మరి జీతం మాటేమిటి?

ప్లాట్‌ఫారం మీద తిరిగే రైల్వే రక్షణ దళాన్నే చూద్దాం. 2024 నోటిఫికేషన్‌లో కానిస్టేబుల్‌కు పదో తరగతి చాలు, మూలవేతనం 21,700 రూపాయలు. సబ్ ఇన్‌స్పెక్టర్‌కు డిగ్రీ కావాలి, మూలవేతనం 35,400. భుజం మీద రెండు నక్షత్రాలు, నెలకు 13,700 తేడా. అయితే ఆ తేడా తెచ్చేది డిగ్రీయే కానీ నేరశాస్త్రం కాదు. తెలుగు సాహిత్యం చదివినా అర్హతే! రాతపరీక్ష 120 ప్రశ్నల్లో 50 జనరల్ అవేర్‌నెస్, 35 లెక్కలు, 35 రీజనింగ్. నేరశాస్త్రానికి విడిగా ఒక్క మార్కూ లేదు. రాష్ట్ర పోలీసు ఎస్సై కొలువుకూ ఏదో ఒక డిగ్రీ ఉంటే సరిపోతుంది.

నేరాలకు సంబంధించిన చదువుల్లో అసలు గిరాకీ ఫోరెన్సిక్ ల్యాబులో ఉంది. 2024 జులై 1న అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత ప్రకారం, ఏడేళ్లు, ఆపైన శిక్ష పడే నేరాల్లో ఫోరెన్సిక్ నిపుణుడు ఘటనా స్థలానికి వెళ్లాలి. రక్తపు మరకను, సెల్‌ఫోన్‌ను చదవగలిగిన వాళ్లు కావాలి. అక్కడ సాధారణంగా అడిగేది కెమిస్ట్రీ, బయాలజీ వంటి సైన్సు పునాది.

అందుకే కాలేజీ బ్రోచర్ కన్నా ముందు, పాత నోటిఫికేషన్ ఒకటి తీసి విద్యార్హత గడి చదవండి. ఫీజు సంగతి ఆ తర్వాత చూసుకోవచ్చు.