పసిపాదానికి జోడు ఎప్పుడు?



కృష్ణాష్టమి నాడు చాలా ఇళ్ళలో గడప నుంచి దేవుడి గది దాకా చిన్ని కృష్ణుడి పాదాలు వేస్తారు. పిడికిలి అంచును పిండినీళ్ళలో అద్ది ముద్ర వేసి, వేలికొనతో అయిదు చుక్కలు పెడితే పాదం తయారు. ఆ ముద్రలో లోపలివైపు చక్కని వంపు వస్తుంది. కాని నిజంగా ఏడాది పిల్లవాడి కాలు తడిపి గచ్చు మీద నిలబెట్టి చూడండి. వంపు కనిపించదు. అరికాలంతా నిండుగా అచ్చు పడుతుంది. అది చూసి కొందరు తల్లిదండ్రులు కంగారుపడి, వంపు రావాలని బిగువైన బూట్లు తొడుగుతారు. అది అవసరమా?

పెద్దవారి ఒక్కొక్క పాదంలో 26 ఎముకలు ఉంటాయి. పుట్టిన బిడ్డ పాదంలో వాటిలో చాలా భాగం ఇంకా మృదులాస్థే. పాదం వెనుక భాగంలోని ఏడు ఎముకల్లో పుట్టుకనాటికి గట్టిపడటం మొదలయ్యేవి రెండో మూడో. వంపుకు శిఖరంలాంటి నావిక్యులర్ అన్నిటికన్నా ఆలస్యం. అది సుమారు మూడో ఏట గట్టిపడటం ఆరంభిస్తుంది. (లాటిన్‌లో ఆ పేరుకు చిన్న పడవ అని అర్థం. మన 'నావ'కు దూరపు చుట్టమే.) పైగా అరికాలి కింద కొవ్వు మెత్త ఉంటుంది, లిగమెంట్లు వదులుగా ఉంటాయి. ఇవన్నీ కలిసి వంపును దాచేస్తాయి. నడక, పరుగు, ఎక్కడం, దిగడం సాగేకొద్దీ, చాలామందిలో పదేళ్ళ లోపు అది తేలుతుంది.

మన దేశంలోనే దీనిపై మంచి పరిశీలన జరిగింది. మణిపాల్ వైద్యులు రావు, జోసెఫ్ 4 నుంచి 13 ఏళ్ళ వయసున్న 2,300 మంది పిల్లల పాదముద్రలు తీసి, 1992లో ఫలితాలు ప్రకటించారు. పాదరక్షలు వాడేవారిలో చదును పాదం 8.6 శాతం, వాడనివారిలో 2.8 శాతం. ముందుభాగం మూసి ఉన్న బూట్లు వేసుకునేవారిలో ఎక్కువ, శాండల్స్, చెప్పులు వాడేవారిలో తక్కువ. అయితే ఒక్క మాట గమనించండి. ఇది సర్వే. రెండు విషయాలు కలిసి కనిపించినంత మాత్రాన ఒకటి రెండోదానికి కారణమని తేలిపోదు. పాదరక్షలు వాడినవారిలోనూ వందకు తొంభై మందికి పైగా పాదాలు సవ్యంగానే ఉన్నాయి కదా!

మరి ప్రత్యేకమైన బూట్లు వంపు తెప్పిస్తాయా? అమెరికాలో వెంగర్ బృందం చదును పాదాలున్న చిన్న పిల్లలను గుంపులుగా విభజించి, కొందరికి దిద్దుబాటు బూట్లు ఇచ్చి, కొందరికి ఇవ్వకుండా మూడేళ్ళు చూసింది. 1989లో వెలువడిన ఫలితం: అందరి పాదాలూ మెరుగుపడ్డాయి, బూట్ల వల్ల తేడా ఏమీ లేదు. ఖర్చు మాత్రం తల్లిదండ్రులది!

కాబట్టి పాకే బిడ్డకు, ఇంట్లో తప్పటడుగులు వేసే బిడ్డకు జోడు అక్కరలేదు. వట్టి కాలు నేలను తెలుసుకుంటుంది, వేళ్ళు పట్టు నేర్చుకుంటాయి. చలిగా ఉంటే వదులైన మేజోళ్ళు చాలు, నున్నని గచ్చు మీద జారకుండా చూడాలి. బయట నడవడం మొదలుపెట్టాక మాత్రం జోడు కావాలి. గాజుముక్కలు, ముళ్ళు, ఎండకు కాలే రోడ్డు మాత్రమే కాదు, మలంతో కలుషితమైన తడి మట్టిలో కొంకిపురుగు పిల్లలు వట్టి కాలి చర్మం గుండానే లోపలికి చొరబడతాయి. పేగుల్లో చేరి రక్తం పీల్చి రక్తహీనత తెస్తాయి. "వట్టి కాళ్ళే మేలు" అనే ప్రచారం ఈ సంగతిని తరచు మరచిపోతుంది.

ఆ జోడు చేత్తో వంచితే వేళ్ళ దగ్గర సులువుగా వంగాలి. మడమ ఎత్తు ఉండకూడదు, ముందు వెడల్పుగా ఉండి బొటనవేలికి అవతల సుమారు ఒక సెంటీమీటరు ఖాళీ మిగలాలి. పసిపాదం త్వరగా పెరుగుతుంది కనక రెండు మూడు నెలలకోసారి కొలత చూడాలి. అన్నయ్య విడిచిన బూట్లు అతని పాదానికి అలవాటుపడినవి, తమ్ముడికి వద్దు. కీచు కీచుమనే బూట్ల సరదా పాదానికి చేసే మేలు ఏదీ లేదు.

మీ ఇంట్లో నాలుగైదేళ్ళ పిల్లలుంటే మునివేళ్ళ మీద నిలబడమనండి. అప్పుడు వంపు కనిపిస్తే ఆ పాదం సాధారణంగా మంచిదే. వంపు రాకపోయినా, పాదం బిగుసుకుపోయినా, నొప్పి అన్నా, ఒక కాలే వేరుగా ఉన్నా వైద్యునికి చూపించాలి. పుట్టుకతోనే పాదం లోపలికి మెలిక తిరిగి ఉంటే దాన్ని క్లబ్‌ఫుట్ అంటారు. దానికి ఎదురుచూపు పనికిరాదు. పాన్సెటి పద్ధతిలో మొదటి వారాల నుంచే పిండికట్లు వేసి, ఆ తరువాత కడ్డీతో కలిపిన బూట్లు తొడుగుతారు. అక్కడ బూటే మందు.