వెండి నీళ్ళు మందేనా?



మన ఇళ్ళలో ఏదో ఒక పాత సామాను మూలన పడి ఉంటుంది. కాలిపోయిన మిక్సీ, తిరగని గ్రైండరు, పనిచేయని కరెంటు పొయ్యి. పారేయడానికి మనసొప్పదు. ఎప్పటికైనా పనికొస్తుందిలే అని దాచుకుంటాం. అది తప్పు కాదు. కానీ ఆ పాత సామానుతో ఇంట్లోనే మందు చేసుకోవచ్చని ఎవరైనా చెబితే? ఈ రోజు ఆ సంగతి మాట్లాడుకుందాం.

అమెరికాలో కొంతమంది ఇలా చేస్తుంటారు. పాత వంటింటి సామాను విప్పి, అందులోని కరెంటు భాగాలు తీసుకుంటారు. రెండు వెండి తీగలను నీళ్ళలో ముంచి, వాటికి కొద్దిపాటి కరెంటు పెడతారు. తీగల్లోని వెండి కంటికి కనబడనంత సన్నగా ఊడి నీళ్ళలో కలుస్తుంది. దీన్ని కొల్లాయిడల్ సిల్వర్ అంటారు. మనం వెండి నీళ్ళు అనుకుందాం. జలుబు నుంచి కేన్సరు దాకా అన్నిటికీ ఇదే మందని అమ్మేవాళ్ళు చెప్తారు.

మరి తాగినవాళ్ళకు ఏమైంది? ఒకాయన కథ విందాం.

ఆయన పేరు స్టాన్ జోన్స్. ఉండేది అమెరికాలోని మోంటానా రాష్ట్రం. 1999లో చాలా దేశాల్లో ఒక భయం ఉండేది. 2000 సంవత్సరం రాగానే కంప్యూటర్లు తేదీ తప్పు చదువుతాయని, పనులన్నీ ఆగిపోతాయని. అప్పుడు మందులు దొరక్కపోతే ఎలా అని జోన్స్ భయపడ్డారు. ఇంట్లోనే వెండి నీళ్ళు చేసుకుని తాగడం మొదలుపెట్టారు.

2000 సంవత్సరం వచ్చింది. మందుల షాపులు మూతపడలేదు. కానీ ఆయన ఒళ్ళు మాత్రం మెల్లమెల్లగా నీలి బూడిద రంగుకు మారింది. 2002లో ఆయన సెనేట్ ఎన్నికల్లో నిలబడ్డారు. పత్రికలు ఆయన రంగు గురించి రాశాయి.

పాల్ కరాసన్ అనే మరొకాయన ఏళ్ళ తరబడి ఈ నీళ్ళు తాగారు. ముఖమంతా నీలమైపోయింది. 2013లో చనిపోయేదాకా ఆ రంగు ఆయనతోనే ఉంది.

ఎందుకిలా అయింది? జవాబు మన ఇంట్లోనే ఉంది. వెండి పట్టీలు కొన్నాళ్ళకు నల్లబడతాయి కదా! గాలిలోని గంధకపు ఆవిరి తగిలి అలా అవుతాయి. ఒంట్లోనూ అలాంటిదే జరుగుతుంది. తాగిన వెండిలో చాలావరకు బయటికి పోతుంది. మిగిలింది చర్మంలో, కళ్ళలో, లోపలి అవయవాల్లో చేరుతుంది. ఎండ తగిలిన చోట మరింత నల్లబడుతుంది. అందుకే ముఖం, చేతులు ఎక్కువగా రంగు మారతాయి. దీని పేరు ఆర్జీరియా. పట్టీని విబూది పెట్టి తోమితే మళ్ళీ మెరుస్తుంది. ఒంటిని ఏం పెట్టి తోముతాం?

అయితే వెండికి గుణమే లేదా? ఉంది. వెండి సూక్ష్మక్రిములను చంపుతుంది. కాలిన గాయాలకు డాక్టర్లు సిల్వర్ సల్ఫాడయజీన్ అనే పూత మందు రాస్తారు. అందులో ఉండేది వెండే. కానీ అది కొలత ప్రకారం తయారైన మందు. గాయం మీద, డాక్టరు చెప్పినన్ని రోజులే రాస్తారు. పైన రాసే మందు వేరు, కడుపులోకి తాగేది వేరు.

ఇంట్లో చేసిన ఆ గ్లాసు మీద చీటీ ఉండదు. ఎంత వెండి కలిసిందో చేసినవాళ్ళకే తెలియదు. వెండి నీళ్ళు తాగితే థైరాయిడ్ మాత్రలు, కొన్ని యాంటీబయాటిక్ మందులు ఒంటికి సరిగా పట్టవు కూడా. తాగే వెండి మందులు క్షేమమనీ, రోగం తగ్గిస్తాయనీ ఒప్పుకోలేమని అమెరికా మందుల శాఖ 1999లోనే తేల్చింది. అయినా 2020లో కరోనా రాగానే దానికీ ఇదే మందని కొందరు అమ్మారు. భయం ఉన్నచోటికే ఇలాంటి సరుకు వస్తుంది.

సామాను విప్పడంలో ఇంకో ముప్పు ఉంది. మైక్రోవేవ్ ఓవెన్ లోపల కరెంటును పట్టి ఉంచే భాగం ఒకటి ఉంటుంది. ప్లగ్గు పీకేసినా అది కొట్టి ప్రాణం తీయగలదు. పాత సామాను విప్పడం మెకానిక్ పని. మందు చేయడం కుర్చీలు అల్లడం లాంటిది కాదు.

జోన్స్‌ను చూసి నవ్వడం తేలిక. కానీ ఆయన భయం మనకు తెలియనిదా? అర్ధరాత్రి బిడ్డకు జ్వరం వస్తే, ఆస్పత్రి దూరమైతే, చేతిలో డబ్బు లేకపోతే ఎవరేం చెప్పినా నమ్మాలనిపిస్తుంది. మన సంతలోకీ అన్ని రోగాలకూ ఒకే మందు అమ్మేవాళ్ళు వస్తారు. అప్పుడే మన చదువు పనికి రావాలి.

మందు ఏదైనా ముందు చీటీ చదువుదాం. పేరు ఉందా? ఎంత వేసుకోవాలో ఉందా? గడువు తేదీ ఉందా? అర్థం కాకపోతే ఆశా కార్యకర్తను, నర్సమ్మను, డాక్టరును అడుగుదాం. అడగడం నామోషీ కాదు.

వెండిని కాళ్ళకు పట్టీలుగా పెట్టుకుందాం. కడుపులోకి మాత్రం వద్దు.