వాయిదా వేసిన ప్రశ్నలు

 

2022 ఏప్రిల్ 4న కోనసీమ జిల్లా ఏర్పడింది. అంబేడ్కర్ పేరు పెట్టాలని అప్పటికే చాలామంది అడుగుతున్నా, ఆ మాట అప్పటికి పక్కన పెట్టారు. మే 18న ఆ పేరు చేరుస్తామని ప్రభుత్వం ప్రకటించి, అభ్యంతరాలకు నెల గడువిచ్చింది. ఆరో రోజుకే ఈ అమలాపురంలో మంత్రి ఇల్లు, ఎమ్మెల్యే ఇల్లు తగలబడ్డాయి. ఇంటర్నెట్ రోజుల తరబడి ఆగిపోతే, ఇంటి నుంచి ఉద్యోగం చేసుకునే పిల్లలు ల్యాప్‌టాప్‌లు పట్టుకుని సిగ్నల్ కోసం గోదావరి గట్లకు వెళ్లారు. రాజ్యాంగ నిర్మాత పేరు ఏ జిల్లాకైనా గౌరవమే. ఆ పేరు వద్దని ఇళ్లు తగలబెట్టడం నేరం. ఇరుపక్షాలనూ ముందే కూర్చోబెట్టి మాట్లాడకుండా వాయిదా వేయడం కూడా తప్పే.

ఇజ్రాయెల్-పాలస్తీనా గొడవలో పోయిన ప్రాణాల ముందు మన గొడవ ఏపాటిది? రెంటినీ ఒక గాటన కట్టను. కానీ వాయిదా వేయడమనే తప్పు అక్కడా జరిగింది. 1993 సెప్టెంబర్ 13న వాషింగ్టన్‌లో శాంతి ఒప్పందం మీద ఇజ్రాయెల్ ప్రధాని రబీన్, పాలస్తీనా నాయకుడు అరాఫత్ చేతులు కలిపారు. జెరూసలేం ఎవరిది, శరణార్థులు ఎక్కడికి వెళ్లాలి, సరిహద్దు ఎక్కడ, ఆక్రమిత నేలమీద కట్టిన యూదు కాలనీల సంగతేమిటి? అసలు చిక్కులన్నీ తర్వాత చూద్దామన్నారు. రబీన్‌ను 1995లో ఆ ఒప్పందం నచ్చని ఒక యూదు యువకుడే కాల్చి చంపాడు. అప్పట్లో వెస్ట్ బ్యాంక్ కాలనీల్లో లక్ష పైచిలుకు ఉన్న జనం ఇప్పుడు ఐదు లక్షలు. వాయిదా పడిన ప్రతి ఏడాదీ పాలస్తీనా వాళ్ల నేల తరిగిపోయింది.

1947లో ఐక్యరాజ్యసమితిలో మన దేశం పాలస్తీనా విభజనకు వ్యతిరేకంగా ఓటేసి, ఒకే సమాఖ్య దేశం కావాలంది. అందరికీ సమాన ఓటున్న ఒకే దేశం నాకూ ఇష్టమైన ఊహే. అయితే 2023 అక్టోబర్ 7న పాలస్తీనా సాయుధ సంస్థ హమాస్ ఇజ్రాయెల్‌లో చేసిన మారణకాండ, ఆ తర్వాత ఇజ్రాయెల్ దాడుల్లో గాజాలో వేలవేల పసిపిల్లల చావులు చూశాక, ఒకే ప్రభుత్వం కింద బతకగలమన్న నమ్మకం అక్కడి ఈ తరానికి మిగల్లేదు. అందుకే నేను రెండు దేశాల పక్షం. 1967 నాటి సరిహద్దులు, ఇద్దరికీ రాజధానిగా జెరూసలేం, కాలనీల ఖాళీకి తేదీ. ఇవన్నీ మొదటి కాగితంలోనే రాయాలి.

ఈ రోజు పట్టాలు అందుకుంటున్న మీలో కొందరు రేపు గ్రూప్స్ రాస్తారు, కొందరు కువైట్ విమానమెక్కుతారు, కొందరు ఇక్కడే ఉండి ఊరి పెద్దలవుతారు. ఊరికీ పేటకీ పేచీ వస్తే ఫోన్లో వచ్చిన మెసేజ్ ఇంకొకరికి పంపకండి. అవతలివాళ్ల ఇంటికి ఆ రోజే వెళ్లి మాట్లాడండి.